పోటు దిగాక కనిపించే రేవు: లండన్ వాపింగ్, దాని పాత పబ్బులు

(కాకినాడలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి.

ముందు వరుసల్లో కూర్చున్న పెద్దవాళ్లలో చాలామంది రేవులో పనిచేసినవాళ్లే. మీకు ఓడల సంగతి నేను చెప్పక్కర్లేదు. వెనకాల కాలేజీ పిల్లలున్నారు, వాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పి మొదలుపెడతాను. మన యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడ గట్టు దాకా రాదు. సముద్రంలోనే లంగరు దించుకుని నిలబడుతుంది. మనమే బార్జీల్లో బియ్యం బస్తాలు వేసుకుని దాని దగ్గరికి వెళ్లాలి. నేను ఇరవై తొమ్మిదేళ్లు ఆ బస్తాల టాలీ, అంటే లెక్క, రాశాను. ఓడకీ గట్టుకీ మధ్య ఎంతమంది చేతులు మారితే ఒక బస్తా కదులుతుందో నాకు తెలుసు.

మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి అందరూ చూసేవే చూశాను. రెండోసారి థేమ్స్ నది వెంట తూర్పుకి నడుస్తూ, టవర్ ఆఫ్ లండన్ దాటాక వాపింగ్ అనే పేటలోకి వెళ్లాను. అక్కడ ఒక పాత చిత్రం చూశాను. నది నడుమ ఓడలు, వాటి చుట్టూ మన బార్జీల్లాంటివే చదునైన పడవలు. వాటిని లైటర్లు అంటారట. ఓడ బరువు దించి తేలిక చేస్తాయి కాబట్టి ఆ పేరు. మన పనే! ఆ రోజు నుంచి మా అమ్మాయి ఎక్కడికి తీసుకెళ్తానన్నా వాపింగే అన్నాను. ఇవాళ నేను చెప్పబోయేది ఆ పేట గురించి, అక్కడ మిగిలిన పాత పబ్బుల గురించి.

పబ్బులు అనగానే ఇబ్బందిగా చూడకండి. హైదరాబాద్‌లో పబ్ అంటే చీకటి గది, చెవులు పగిలే పాటలు. అక్కడ ఆ మాటకి అర్థం వేరు. పబ్ అంటే పబ్లిక్ హౌస్, అందరికీ తలుపు తెరిచి ఉండే ఇల్లు. ముసలివాళ్లు వస్తారు, పిల్లల్ని తీసుకుని కుటుంబాలు వస్తాయి, మధ్యాహ్నం చేపలు, బంగాళాదుంప వేపుడు తిని పోతారు. నేను మద్యం ముట్టను. ఆ పబ్బుల్లో కాఫీ తాగుతూ గంటలు కూర్చున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. ఇంకో మాట కూడా అర్థం చేసుకోవాలి. రేవులో పబ్ ఒట్టి తాగుడు కొట్టు కాదు. కూలీని పనికి పిలిచేదీ అక్కడే, కూలి డబ్బు చేతికిచ్చేదీ అక్కడే. నావికుడికి బస అక్కడే, కబురు అందేదీ అక్కడే. రేవు ఆఫీసు ఎక్కడుందని నన్ను అడిగితే, రెండొందల ఏళ్ల కిందట అది పబ్బులో ఉండేదని చెబుతాను.

రైలు దిగడంతోనే వాపింగ్ మొదలవుతుంది. ఆ స్టేషను ఉన్నది థేమ్స్ టన్నెల్ ఉత్తరపు కొసలో. ఓడలు తిరిగే నది అడుగున తవ్విన మొదటి సొరంగం అదే. మార్క్ బ్రునెల్ అనే ఇంజనీరు 1825లో పని మొదలుపెట్టాడు, కొడుకు ఇసంబార్డ్ తోడు. నది చాలాసార్లు లోపలికి విరుచుకుపడింది. 1828 జనవరిలో ఆరుగురు చనిపోయారు. డబ్బు లేక పని ఏళ్ల తరబడి ఆగింది. చివరికి 1843లో తెరిచారు. గుర్రపు బండ్ల కోసం తవ్వారు గానీ, బండ్లు దిగే వాలుదారులు కట్టే సొమ్ము లేకపోయింది. జనం ఒక పెన్నీ ఇచ్చి నడిచి చూసేవారు. 1869 నుంచి రైళ్లు తిరుగుతున్నాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. ప్లాట్‌ఫారం చివర నిలబడితే ఆ గుర్రపునాడా ఆకారపు కమానులు రెండూ కనిపిస్తాయి. దాన్ని చూడటానికే ఒక రైలు వదిలేశాను.

పైకి వచ్చి వీధిలో నిలబడితే రెండు పక్కలా ఇటుక గోదాములు. అయిదారు అంతస్తులు, మధ్యలో ఒకదాన్నించి ఇంకోదానికి ఇనుప వంతెనలు. సరుకుల్ని కింద దించకుండా ఇటు నుంచి అటు దొర్లించడానికి కట్టుకున్నవి. ఇప్పుడు వాటి మీద పూలకుండీలు ఉన్నాయి. కొంచెం అటు తిరిగితే ఒక సందు పేరు సిన్నమన్ స్ట్రీట్, దాల్చినచెక్క వీధి. ఇంకో వీధి పేరు వాపింగ్ వాల్. అది నిజంగా గోడే. ఈ పేట అంతా ఒకప్పుడు చిత్తడి నేల. పోటు నీళ్లు లోపలికి రాకుండా గట్టు పోశారు, ఆ గట్టు మీదే ఇళ్లు లేచాయి. కోరంగి దగ్గర మడ అడవుల అంచున పెరిగినవాళ్లకి ఇది చెబితే చాలు, మిగతాది వాళ్లే ఊహించుకోగలరు.

ఆ గోడ వీధిలోనే ప్రాస్పెక్ట్ ఆఫ్ విట్బీ అనే పబ్ ఉంది. 1520 ప్రాంతం నుంచి అక్కడ సత్రం లాంటిది ఉందని చెబుతారు. ఒకప్పుడు దాన్ని దెయ్యం సత్రం అనేవారట, దొంగ సరుకుల వాళ్లు చేరే చోటు కాబట్టి. అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ కట్టారు. పాతదాంట్లో మిగిలింది రాతి పలకల నేల. ఆ పలకలు అరిగి మధ్యలో గుంటలు పడ్డాయి. నేను కూర్చుని వాటినే చూశాను, ఎన్ని వేల బూట్లు తొక్కితే రాయి అలా అరుగుతుందని.

పేరు సంగతి చెప్పాలి. విట్బీ అనేది ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో ఊరు. ప్రాస్పెక్ట్ అనేది ఆ ఊళ్లో రిజిస్టరైన బొగ్గు ఓడ. ఈ పబ్ దగ్గర లంగరు వేసేది, దాని పేరే పబ్బుకి వచ్చింది. లండన్ వంటిళ్లలో మండిన బొగ్గు న్యూకాజిల్ వైపు నుంచి సముద్రం మీద వచ్చేది. ఆ బొగ్గు ఓడల్ని ఖాళీ చేసిన మనుషుల గురించి చదివాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

వాళ్లని కోల్ విప్పర్లు అనేవారు. ముఠాకి తొమ్మిదిమంది. నలుగురు ఓడ అడుగున, ఆ నల్లటి దుమ్ములో, పారలతో బుట్ట నింపుతారు. బుట్టకి కట్టిన తాడు కప్పీ మీదుగా పైకి పోతుంది. డెక్కు మీద ఇంకో నలుగురు ఆ తాడు పట్టుకుని, నిచ్చెనలాంటి మెట్లు ఎక్కి, నలుగురూ ఒక్కసారి కిందకి దూకుతారు. వాళ్ల ఒంటి బరువుకి బుట్ట పైకి లేస్తుంది. తొమ్మిదోవాడు దాన్ని అందుకుని లైటర్‌లోకి గుమ్మరిస్తాడు. మళ్లీ ఎక్కాలి, మళ్లీ దూకాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. మన హమాలీలకి వీపు మీద బస్తా ఎంత బరువో ఎరిగినవాడిని. ఈ దూకుడు పని వింటే నాకు మోకాళ్లలో నొప్పి పుట్టింది.

ఈ పని ఇప్పించేది ఎవరు? పబ్ యజమాని. ఓడ కెప్టెనుకి ముఠాల్ని కుదిర్చేది అతనే. అతని దగ్గర తాగినవాడికే పని. తాగనివాడి పేరు పిలవడు. పని అయ్యాక కూలి కూడా పబ్బులోనే ఇస్తారు, అందులోంచి తాగిన బాకీ ముందే కోసుకుని. మనిషికి దాహం ఉన్నా లేకపోయినా తాగాలి, లేకపోతే రేపు పని ఉండదు. ఇంట్లో పెళ్లాం బిడ్డలు ఆ మిగిలిన చిల్లర కోసం ఎదురుచూస్తుంటారు. 1768లో బొగ్గు కూలీలు తిరగబడ్డారు. పక్కనే షాడ్‌వెల్‌లో పనులు కుదిర్చే ఒక పబ్ యజమాని ఇంటిని ముట్టడించారు, తుపాకులు పేలాయి. ఆ ఏడాదే ఏడుగురు కూలీల్ని ఆ పేటలోనే, వాళ్ల ఇళ్ల మధ్యనే ఉరితీశారు. పబ్బుకి బదులు సర్కారు ఆఫీసులో పేరు రాయించుకుని పని తీసుకునే చట్టం 1843లో గానీ రాలేదు. సొరంగం తెరిచిన ఏడాదే. టన్నెల్ గురించి ప్రతి గైడూ చెబుతాడు. ఈ చట్టం గురించి ఎవరూ చెప్పరు. నాకు మాత్రం రెండోదే పెద్దదనిపిస్తుంది.

ఇది ఎక్కడో తెల్లవాళ్ల కథ అనుకోకండి. మన గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వేలమంది రంగూన్ రేవుకి కూలికి వెళ్లారు. బర్మాలో తెలుగువాణ్ణి 'కోరంగీ' అనేవారు, మన కోరంగి రేవు పేరుతో. వాళ్లకీ పనికీ మధ్య మేస్త్రీ ఉండేవాడు. అప్పు అతనిదే, బస అతనిదే, కూలిలో కోత అతనిదే. 1930 మే నెలలో రంగూన్‌లో తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. సమ్మె తెగి మనవాళ్లు తిరిగి పనిలోకి రాగానే ఆ బర్మా కూలీల్ని పొమ్మన్నారు. కడుపు కాలిన రెండు ముఠాలు ఒకే గేటు దగ్గర ఎదురుపడ్డాయి. ఊరంతా అల్లర్లు పాకాయి, మనవాళ్లు చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాపింగ్ పబ్బులో ఆ రాతి పలకల మీద కూర్చున్నప్పుడు నాకు రంగూన్ గుర్తొచ్చింది. మధ్యలో నిలబడినవాడి పేరు మేస్త్రీ అయినా పబ్ యజమాని అయినా లెక్క ఒక్కటే.

నది ఒడ్డున ఇంకొంచెం ముందుకి వస్తే పోలీసు స్టేషను. 1798లో ఇక్కడే థేమ్స్ నది పోలీసు పెట్టారు, పాట్రిక్ కహూన్, జాన్ హ్యారియట్ అనే ఇద్దరి చొరవతో. లండన్ నగర పోలీసు కంటే ముప్పై ఏళ్లు ముందు. ఖర్చులో ఎక్కువ భాగం వెస్టిండీస్ వర్తకులు పెట్టుకున్నారు. ఓడలు కిక్కిరిసి సరుకు వారాల తరబడి లైటర్లలోనే ఉండేది, దొంగతనాలు ఎక్కువ. అది నిజమే. కానీ ఒలికిన చక్కెర, రాలిన బొగ్గు ఇంటికి తీసుకెళ్లడం కూలీలు తరతరాలుగా తమ హక్కు అనుకున్నారు. ఒక్కసారిగా అది నేరమైంది. ఆ ఏడాది అక్టోబరులోనే జనం స్టేషను మీద పడ్డారు, పోలీసుల వైపున్న గేబ్రియల్ ఫ్రాంక్స్ అనే మనిషి చనిపోయాడు. మన గోదాముల బయట ఒలికిన గింజలు చేటతో ఊడ్చుకునే ఆడవాళ్లు నాకు తెలుసు. ఏ కాగితంలోనూ వాళ్లని దొంగలని రాయడానికి నా చెయ్యి రాలేదు.

ఎగ్జిక్యూషన్ డాక్ అని ఒక చోటుండేది. సముద్రపు దొంగల్ని ఉరితీసిన రేవు. పోటు దిగాక కనిపించే ఒడ్డున ఉరికొయ్య, ఉరితీశాక మూడు పోట్లు శవం మీదుగా పోయేదాకా వదిలేసేవారు. 1830 వరకూ ఇది సాగింది. అక్కడ చనిపోయినవాళ్లలో పెద్ద పేరు కెప్టెన్ విలియం కిడ్. అతని కేసు మన సముద్రంతో ముడిపడింది. 1698 జనవరిలో మలబారు తీరం దగ్గర క్వెదా మర్చంట్ అనే ఓడని పట్టుకున్నాడు. బెంగాల్ నుంచి సూరత్ వెళ్తున్న ఓడ, పట్టు, మస్లిన్, చక్కెర ఉన్నాయి, సరుకు ఆర్మీనియన్ వర్తకులది. మొగల్ దర్బారు మండిపడింది. ఈస్టిండియా కంపెనీకి తన వ్యాపారం ఎక్కడ పోతుందోనని టెన్షన్ పట్టుకుంది. 1701 మే 23న కిడ్‌ని వాపింగ్‌లో ఉరితీశారు. మొదటిసారి తాడు తెగింది, రెండోసారి వేలాడదీశారు. శవాన్ని కొన్నేళ్లపాటు సముద్రం వైపున్న టిల్బరీ దగ్గర నది ఒడ్డున వేలాడదీసి ఉంచారు, వచ్చే పోయే నావికులకి కనిపించేలా.

ఇప్పుడు కెప్టెన్ కిడ్ పేరుతో అక్కడ ఒక పబ్ ఉంది. దూలాలు, రాళ్లు చూస్తే మూడొందల ఏళ్లది అనిపిస్తుంది. పాత గోదాములో 1980లలో పెట్టారు. అది తెలుసుకుని కొంచెం నిరుత్సాహపడ్డాను, కానీ అక్కడి కిటికీలోంచి నది బాగా కనిపిస్తుంది, పిల్లలతో వెళ్లేవాళ్లకి అదే మంచిది. ఈ ఎగ్జిక్యూషన్ డాక్ దగ్గరే బెల్ అనే సారాయి ఇల్లు ఉండేది. ఆ ఇంటి అమ్మాయి ఎలిజబెత్ బాట్స్. 1762లో ఆమె పెళ్లాడింది విట్బీ బొగ్గు ఓడల్లో పని నేర్చుకున్న ఒక నావికుణ్ణి, జేమ్స్ కుక్ అని. ప్రపంచం చుట్టివచ్చిన ఆ కుక్కే. ఆరుగురు పిల్లల్ని కన్నది, ఆరుగురినీ తన కళ్ల ముందే పోగొట్టుకుంది, భర్త హవాయిలో చనిపోయాక యాభై ఆరేళ్లు బతికింది. ఆమె పేరు మీద అక్కడ పబ్ లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది టౌన్ ఆఫ్ రామ్స్‌గేట్. సన్నగా, పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంటుంది. రామ్స్‌గేట్ ఊరి జాలర్లు తెచ్చిన చేపలు ఆ పక్కన మెట్ల దగ్గర దించేవారు, అందుకే ఆ పేరు. 1688లో రాజు జేమ్స్ పారిపోయినప్పుడు ఆయన ప్రధాన న్యాయాధికారి జెఫ్రీస్ కూడా నావికుడి వేషంలో ఓడ ఎక్కబోయి వాపింగ్‌లో దొరికిపోయాడు. అది ఈ పబ్బులోనే అని అక్కడివాళ్లు చెబుతారు. మూడేళ్ల ముందు ఒక తిరుగుబాటు విచారణల్లో వందలమందికి మరణశిక్ష వేసిన జడ్జి అతను. జనం చేతుల్లోంచి అతన్ని తప్పించి టవర్‌కి తీసుకెళ్లడమే కష్టమైందట. అక్కడే మరుసటి ఏడాది చనిపోయాడు.

పబ్ పక్కన మనిషి పట్టేంత సందు, సందు చివర వాపింగ్ ఓల్డ్ స్టెయిర్స్. నదిలోకి దిగే రాతి మెట్లు. వంతెనలు తక్కువున్న రోజుల్లో లండన్‌లో పడవ మనిషే ఆటోవాలా. ఈ మెట్ల దగ్గర ఎక్కి ఆ మెట్ల దగ్గర దిగేవారు. మన రేవు అన్న మాటకి అసలు అర్థం ఇదే కదా, నీళ్లలోకి దిగే చోటు. బట్టలు ఉతికేదీ రేవే, పడవ ఎక్కేదీ రేవే. ఇంగ్లీషులో పోర్టు వేరు, మెట్లు వేరు. మనకి రెండూ ఒకే మాట. అందుకేనేమో ఆ మెట్ల మీద నేను పరాయివాణ్ణి అనిపించలేదు.

ఇక డాక్‌ల సంగతి. నదిలో ఇరుకు భరించలేక ఒడ్డున పెద్ద చెరువుల్లాంటివి తవ్వి, చుట్టూ ఎత్తైన గోడలు కట్టారు. వాపింగ్‌లో లండన్ డాక్స్ 1805లో తెరిచారు. ఈస్టిండీస్, వెస్టిండీస్ నుంచి కాకుండా వచ్చే బియ్యం, పొగాకు, వైను, బ్రాందీ ఇరవై ఒక్క ఏళ్లు అక్కడే దించాలని హక్కు రాయించుకున్నారు. మన వైపు నుంచి వెళ్లే ఓడలకి వేరే డాక్, ఇంకా తూర్పున, 1806లో. 1828లో టవర్ పక్కన తెరిచిన సెయింట్ కాథరిన్ డాక్స్ కోసం 11,000 మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయించారు. అద్దెకున్నవాళ్లలో ఎక్కువమందికి పైసా పరిహారం లేదు. పోర్టు కోసం ఊళ్లు లేపడం గురించి మన తీరంలో ఎవరికీ వివరించనక్కర్లేదు.

గోడలు వచ్చాక కూలీలు గేటు బయట అయ్యారు. పొద్దున్నే వందలమంది గుమిగూడితే ఫోర్‌మన్ కొందరిని వేలితో చూపించి పిలిచేవాడు, మిగతావాళ్లు వెనక్కి. మన అడ్డా మీద కూలీల్లాగే. 1889 ఆగస్టులో వాళ్లు సమ్మె కట్టారు, గంటకి ఆరు పెన్నీలు కావాలని. ఎక్కడో ఆస్ట్రేలియా కార్మికులు 30,000 పౌండ్లకు పైగా చందా పంపారు. నెల తిరిగేసరికి ఆ ఆరు పెన్నీలూ సాధించారు.

తర్వాతి కథ మీకు తెలుసు. 1940 సెప్టెంబరు నుంచి జర్మన్ బాంబులు. ఆ దెబ్బ నుంచి డాక్‌లు తేరుకున్నా, కంటైనర్ల నుంచి తేరుకోలేకపోయాయి. పెద్ద ఓడలు టిల్బరీ దగ్గరే ఆగిపోయాయి. 1968లో సెయింట్ కాథరిన్, ఆ తర్వాత ఏడాది లండన్ డాక్స్ మూతపడ్డాయి. లండన్ డాక్స్‌ని చాలావరకు మట్టితో పూడ్చేశారు. గోదాములు ఖరీదైన ఫ్లాట్లయ్యాయి. బొగ్గు ముఠాలు నడిచిన ఒడ్డు చాలాచోట్ల ఇప్పుడు తాళాలు వేసిన గేట్ల వెనక ఉంది. మామూలు మనిషి నది దగ్గరికి వెళ్లాలంటే మిగిలిన దారులు రెండే: పాత మెట్లు, పాత పబ్బులు. అందుకే అక్కడివాళ్లు ఒక పబ్ మూసేస్తారంటే సంతకాలు పెట్టి పోరాడతారు. నాకు వాళ్ల బాధ అర్థమైంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ రేవుకి మన దేశం ఓడ మనుషులు వందల ఏళ్లు వచ్చారు. లాస్కర్లు అనేవారు. ఎక్కువమంది బెంగాల్, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్, గుజరాత్, కొంకణ ప్రాంతాలవాళ్లు. తెల్ల నావికుడి జీతంలో కొద్ది భాగం వీళ్లకి. తిరుగు ఓడ దొరికేదాకా చలిలో, సరైన బట్టలు లేక, ఈ సందుల్లో పడి ఉండేవాళ్లు, కొందరు అక్కడే చనిపోయారు. 1857లో దగ్గర్లోనే లైమ్‌హౌస్‌లో వీళ్ల కోసం స్ట్రేంజర్స్ హోమ్ అని బస కట్టారు, పంజాబు చివరి మహారాజా దలీప్ సింగ్ 500 పౌండ్లు ఇచ్చాడు. ఓడలు దిగి ఉండిపోయిన సిల్హెట్ వాళ్ల వారసులే ఇవాళ లండన్‌లో ఇండియన్ రెస్టారెంట్లు చాలావాటిని నడుపుతున్నారు. ఆ లాస్కర్ల ముఠా నాయకుణ్ణి పాత ఇంగ్లీషు కాగితాల్లో సెరాంగ్ అని రాశారు. చదవగానే నేను ఆగిపోయాను. మన గోదావరి లాంచీ నడిపేవాణ్ణి ఏమంటాం? సరంగు. రాజమండ్రి నుంచి పాపికొండలు వెళ్తూ మనం పిలిచే మాటే, లండన్ కాగితాల్లో ఉంది.

మీలో ఎవరైనా వెళ్తే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. అక్కడ నది ఏడు మీటర్ల దాకా ఎక్కి దిగుతుంది. మొదటిసారి నేను చూసుకోకుండా వెళ్లాను, మెట్లన్నీ నీళ్ల కిందే ఉన్నాయి. మూడో రోజు పొద్దున పాటు సమయానికి, అంటే పోటు దిగాక, వెళ్లాను. పచ్చటి నాచు పట్టిన మెట్లు గోడ పట్టుకుని దిగాను. ఒడ్డంతా తెల్లటి మట్టి చుట్టగొట్టాల ముక్కలు, తుప్పు పట్టిన ఓడ మేకులు, బొగ్గు పెళ్లలు. అనుమతి లేకుండా వెతకకూడదు, ఏమీ ముట్టుకోలేదు. ఒక బొగ్గు పెళ్ల దగ్గర చాలాసేపు వంగి నిలబడ్డాను. అది ఏ ముఠా బుట్టలోంచి జారిందో. కాసేపటికి నీళ్లు కింది మెట్టు తాకాయి, పైకి వచ్చేశాను.